ఆరో నంబరు జెర్సీ

పోయిన వారం ఫిడెల్మాను పెరట్లో తడి జెర్సీల మధ్య నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. చేతిలో బట్టల క్లిప్పులు, ఎదురుగా గేటులోంచి లోపలికి వస్తున్న మలాకీ కారు. మలాకీ అంటే బాలీడార్ ఊరి హర్లింగ్ క్లబ్బుకి, అంటే కర్రాబంతీ ఆట క్లబ్బుకి, ఛైర్మన్. మామూలుగా అయితే గేటు దగ్గర్నుంచే హారన్ కొడుతూ, కుక్కని పలకరిస్తూ, టీ పెట్టమని కేకేస్తూ వస్తాడు. ఆ రోజు హారన్ కొట్టలేదు. అప్పుడే తెలిసిపోయింది ఫిడెల్మాకి, వీడు దేనికొచ్చాడో.

ఒక తరం గడిచాక బాలీడార్ జట్టు కౌంటీ ఫైనల్ దాకా వచ్చింది. ఆదివారమే ఆట. ఊళ్ళో ప్రతి స్తంభానికీ జెండాలు కట్టేశారు, గొర్రెల వీపుల మీద కూడా క్లబ్బు రంగులు పూసేశారు. జట్టుకి మేనేజరు ఫిడెల్మా మొగుడు కోల్మన్. కుర్రాళ్ళని పరిగెత్తించి, కర్రా బంతీ ఎలా వాడాలో నేర్పే కోచ్ వాళ్ళ కూతురు ఓర్లా. జెర్సీలు ఉతికేది ఫిడెల్మా. ఇంటిల్లిపాదీ ఆటే. అంత పండగలోనూ వసంతం నుంచీ ఆవిడ ఒక్క సంగతి లోలోపల దాచుకుని తిరుగుతోంది. కోల్మన్‌కి మరుపు ముదురుతోంది. టీ కెటిల్‌ని ఫ్రిజ్జులో పెడుతున్నాడు. తన కుక్కని ఎప్పుడో పోయిన కుక్క పేరుతో పిలుస్తున్నాడు. ఆవిడ పక్కనుండి పేర్లు అందిస్తోంది, కెటిల్ తీసి పొయ్యి మీద పెడుతోంది, ఎవరికీ అనుమానం రాలేదనుకుంటోంది.

కారు ఆగింది. మలాకీ దిగాడు. రెండో తలుపు కూడా తెరుచుకుంది. అందులోంచి ఓర్లా దిగింది.

కన్నకూతురు మలాకీ కారులో రావడం చూసి ఫిడెల్మా చేతిలోని క్లిప్పులు గడ్డిలో పడిపోయాయి. వంగి ఏరుకుంది. ఏరుకోవడానికి పట్టే సమయం కన్నా కాస్త ఎక్కువే తీసుకుంది.

"టీ పెట్టనా?" అంది లేచి.

"వద్దులే ఫిడెల్మా" అన్నాడు మలాకీ.

బాలీడార్‌లో టీ వద్దన్నవాడు చావు కబురు తెచ్చినవాడి కిందే లెక్క. ఆవిడ వినిపించుకోలేదు. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు పెట్టింది, పొద్దున చేసిన సోడా రొట్టె కోసింది, వెన్న ముందు పెట్టింది. వాళ్ళిద్దరూ బల్ల దగ్గర బళ్ళో తప్పు చేసిన పిల్లల్లాగా కూర్చున్నారు.

"కోల్మన్ ఏడీ?" అడిగాడు మలాకీ.

"పై పొలంలో. గొర్రెల దగ్గర."

"అయితే మంచిదే."

"మంచిదేంటి? ఆయనింటికి ఆయన లేనప్పుడొచ్చి మంచిదంటావేంటి మలాకీ?"

మలాకీ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎప్పుడూ మాట వెతుక్కునే రకం కాదు. సంతలో నిలబడితే సాయంత్రం దాకా మాట్లాడగలడు. ఇప్పుడు మాత్రం టోపీ అంచు చుట్టూ వేలు తిప్పుతూ ఉండిపోయాడు.

"సెమీఫైనల్లో, రెండో సగం నడుస్తుండగా, నా చెవి దగ్గరకి వంగాడు" అన్నాడు చివరికి. "మనం ఏ గోలు వైపు కొడుతున్నాం మలాకీ, అన్నాడు. నేను జోకనుకున్నా. నవ్వాను కూడా. ఆయన నవ్వలేదు."

"ఎండ కళ్ళల్లో పడుంటుంది."

"అప్పుడు వాన పడుతోంది ఫిడెల్మా."

కెటిల్ కూత పెట్టింది. ఆవిడ దాన్ని దించలేదు. ఓర్లా లేచి దించింది.

"అమ్మా, నాకు తెలుసు" అంది ఓర్లా కప్పుల్లో టీ పోస్తూ, తల్లి మొహం చూడకుండా. "నువ్వు దాస్తున్నావనీ తెలుసు. పక్కనుంచి పేర్లు అందిస్తావు చూడు, అవి నాకూ వినబడతాయి. నేనేమీ అనలేదు. కానీ ఆదివారం ఫైనలమ్మా. ఆ మైదానం గట్టు మీద నువ్వుండవు పక్కన."

"ఏం చెయ్యమంటారు? ఆయన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి రమ్మంటారా?"

"అబ్బే, అలాగని కాదు" అన్నాడు మలాకీ. "పసుపు తొడుగు ఓర్లాకిద్దాం. అంతే. కోల్మన్ స్టాండులో మంచి చోట కూర్చుంటాడు, పక్కన ఫాదర్ గారు, దుప్పటీ, ఫ్లాస్కులో టీ..."

పసుపు తొడుగంటే మేనేజరు గట్టు మీద నిలబడేటప్పుడు వేసుకునేది. వీపు మీద పెద్దక్షరాలతో 'బానిష్టోర్' అని ఉంటుంది, వాళ్ళ భాషలో మేనేజరని. అది ఎవరి ఒంటి మీద ఉంటే ఆ రోజుకి జట్టుకి వాళ్ళే పెద్ద. ఏళ్ళ తరబడి అది కోల్మన్ ఒంటి మీదే ఉంది. చంకల దగ్గర చిరిగినప్పుడల్లా ఫిడెల్మా కుట్టింది.

"ఫ్లాస్కులో టీ" అంది ఫిడెల్మా. "బ్రతికుండగానే ఆయన్ని ఫోటో కట్టించి గోడకి తగిలిస్తావన్నమాట."

"అది కాదే తల్లీ. కాలం మారింది. ఆదివారం మనతో ఆడే కిల్‌మోరా వాళ్ళని చూడు. బయటి కౌంటీ నుంచి తెచ్చుకున్నారు ఒకణ్ణి. వాడి వ్యాను నిండా కెమెరాలే. ఎవడెంత పరిగెత్తాడో వాడి ఫోనులో కనబడుతుందట. రొట్టె మీద వెన్న ఎంత రాసుకోవాలో కూడా వాడే చెబుతాడట." మలాకీ అంటూనే తన రొట్టెకి బొటనవేలి మందాన వెన్న పట్టించాడు. "మన కోల్మన్ ఏం చేస్తాడు? గట్టు మీద నిలబడతాడు. 'కొట్టరా' అంటాడు. 'కొట్టావురా' అంటాడు. ఇంతకు మించి ఏమన్నా అన్నాడా ఎప్పుడన్నా?"

"ఆ రెండు మాటలకే మిమ్మల్ని ఫైనల్‌కి తెచ్చాడుగా."

"తెచ్చింది నాన్న కాదమ్మా."

ఆ మాట ఓర్లా మెల్లగానే అంది. మెల్లగా అన్నందుకే గట్టిగా తగిలింది.

"చలికాలమంతా బురదలో నిలబడ్డది నేను. గోలు దగ్గర్నుంచి బంతి పొట్టిగా వెయ్యడం నేర్పింది నేను. ఎన్డా భుజం పట్టేస్తే పొద్దున్నే వాళ్ళింటికెళ్ళి కట్టు కట్టింది నేను. సాధనకి నేను కోన్లు పెడతాను, ఆయన టోపీ పెట్టుకుంటాడు. గెలిచాక అందరూ ఆ టోపీ దగ్గరకే పరిగెడతారు. నాకేం కోపం లేదు. నిజంగా లేదు. కానీ తెచ్చింది నేను."

ఫిడెల్మాకి కూతురి మొహంలో చిన్నప్పటి మొహం కనిపించింది. గెలిచిన పతకం ఒళ్ళో పెట్టుకుని, నాన్న పొలం నుంచి వచ్చేదాకా నిద్రపోని పిల్ల. దగ్గరకి తీసుకోవాలనిపించింది. కానీ ఆవిడకి కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి కోపాన్నే వాడుతుంది, ఏం చేస్తాం.

"సరే, ఆట నువ్వే నేర్పావు. కాదన్నదెవరు? మరి డారాకి ఆరో నంబరు ఇచ్చిందెవరే?"

మలాకీ చేతిలో రొట్టె నోటి దాకా వెళ్ళి ఆగింది.

ఆ ఇంట్లో ఆ సంగతి ఎత్తరు. ఎత్తకపోయినా అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది, కిటికీ పక్కన ఫోటోలో. ఫెర్గల్. ఓర్లాకి తమ్ముడు. వెనక వరసలో నడిమధ్య నిలబడి, వచ్చిన బంతినల్లా ఆకాశంలోంచి చేత్తో దించుకునేవాడు. ఆరో నంబరు వాడిదే. మంచు గడ్డకట్టిన ఒక ఉదయం ఆట సాధనకి వెళుతుంటే సున్నపుబట్టీ మలుపు దగ్గర కారు జారింది. కారు తోలింది డారా, వాడి ప్రాణ స్నేహితుడు. డారాకి చిన్న దెబ్బయినా తగల్లేదు. అదే వాడు చేసుకున్న పాపమయింది.

"ఆ కుర్రాడు అన్నం మానేశాడు, మాట మానేశాడు" అంది ఫిడెల్మా. "వాళ్ళమ్మ దుకాణంలో నన్ను చూసి సామాను వదిలేసి వెళ్ళిపోయేది, మొహం చూపించలేక. మన కోల్మన్ ఏం చేశాడు మలాకీ? నీకు తెలుసుగా. రోజూ సాయంత్రం వాళ్ళింటికెళ్ళి కూర్చునేవాడు. ఒక్క రోజు ఫెర్గల్ పేరెత్తలేదు. గడ్డి కోతల గురించీ, ట్రాక్టరు గురించీ మాట్లాడి లేచొచ్చేవాడు. ఆ ఏడు మొదటి ఆటకి, అందరి ముందూ, 'ఆరు. డారా' అన్నాడు. వాడు నా వల్ల కాదని గోడకి అంటుకుపోయాడు. 'ఇది ఖాళీగా వేలాడితే నేను చూడలేనురా. వేసుకో' అన్నాడాయన. మీ కెమెరాల వ్యానులో ఉందా అది?"

మలాకీ కళ్ళు తుడుచుకున్నాడు. దాచుకోలేదు కూడా. "లేదు" అన్నాడు. "ఏ వ్యానులోనూ లేదు."

"నేనూ ఉన్నానమ్మా అప్పుడు" అంది ఓర్లా. "డారా ఇంటికి రోజూ వెళ్ళాడు. నిజమే. మరి నా గదిలోకి ఒక్కసారన్నా వచ్చాడా? పోయింది నా తమ్ముడు కాదా? ఊళ్ళో ప్రతి కుర్రాడికీ ఆయన నాన్నే. నా ఒక్కదానికే మేనేజరు."

ఫిడెల్మా బల్ల మీద రాలిన రొట్టె పొడిని అరచేతిలోకి ఊడ్చుకుంది.

బయట కుక్క మొరిగింది. కోల్మన్ పొలం దిగి వస్తున్నాడు, గొర్రెలతో ఏదో మాట్లాడుకుంటూ, టోపీ వెనక్కి నెట్టుకుని. కిటికీలోంచి చూస్తే ఆరోగ్యంగా, ఎత్తుగా, ఎప్పట్లాగే ఉన్నాడు. అదే కదా ఆ జబ్బుతో వచ్చిన చిక్కు.

"ఆదివారం ఆట అయ్యేదాకా ఉంచండి" అంది ఫిడెల్మా గబగబా. "గట్టు మీద ఆట ఓర్లా నడిపిస్తుంది. ఎవర్ని దించాలో ఎవర్ని తియ్యాలో అదే చెబుతుంది. ఆయన జెర్సీలు పంచుతాడు. అదొక్కటీ ఆయనకి వదిలేయండి."

"కాయితం చూసి చదువుతాడా?" అన్నాడు మలాకీ ఆశగా.

"కోల్మన్ ఎప్పుడన్నా కాయితం చూశాడా?"

చూడలేదు. ఊరంతా చెప్పుకునేది అదే. గదిలో నిలబడి, సంచీలో చెయ్యి పెట్టి, చూడకుండానే జెర్సీ తీస్తాడు. నంబరు, పేరు, ఆ కుర్రాడికి మాత్రమే పనికొచ్చే ఒక్క మాట. కుర్రాడు లేచి వచ్చి ఆయన చేతిలోంచి తీసుకోవాలి. పేరు పిలవందే ఎవడూ జెర్సీ ముట్టడు. బాలీడార్‌లో అలా చేతికి అందుకున్నాకే అది నీదయినట్టు. తాతలు కూడా ఆ మాటనే చెప్పుకుని మురుస్తారు, ఫలానా రోజు కోల్మన్ నాకేమన్నాడంటే, అని.

"ఒక్క పేరు తప్పాడంటే" అంది ఫిడెల్మా, "ఆ పసుపు తొడుగు నా చేతులతో నేనే విప్పి ఓర్లాకిస్తాను. మాటిస్తున్నాను. ఇంకెవరూ ముట్టుకోవద్దు ఆయన్ని."

మలాకీ ఓర్లా వైపు చూశాడు. ఓర్లా తల ఊపింది.

కోల్మన్ లోపలికొచ్చి, "ఓహో, పెద్దలందరూ చేరారే. ఎవరు పోయారు?" అన్నాడు నవ్వుతూ. అందరూ నవ్వారు. ఫిడెల్మా అందరికన్నా ఎక్కువ నవ్వింది.

వాళ్ళు వెళ్ళాక, గిన్నెలు కడుగుతూ, ఏదో కాలక్షేపానికన్నట్టు అడిగింది. "ఆదివారం ఎవరెవర్ని పెట్టావేంటి?"

ఆయన గుడ్డతో పళ్ళేలు తుడుస్తూ ఒకటి నుంచి పదిహేను దాకా చెప్పుకుపోయాడు. ఒక్కటి తప్పలేదు. "ఆరు. డారా" అన్నప్పుడు ఆవిడ ఊపిరి బిగబట్టింది. ఆయన ఆగకుండా ఏడుకి వెళ్ళిపోయాడు. ఫిడెల్మా సబ్బు చేతులతోనే వెనక నుంచి ఆయన్ని కావలించుకుంది. "ఏమయిందే నీకు?" అన్నాడు. "ఏం లేదు, చలేస్తోంది" అంది.

ఆరిన జెర్సీలు మడత పెట్టేటప్పుడు ఆరో నంబరు కాలరు మళ్ళీ కుట్టాల్సొచ్చింది. కంగారు పుడితే డారా కాలరు అంచు కొరుకుతాడు. ఎన్నిసార్లు తిట్టినా మానడు. "ఫైనల్ రోజన్నా కాస్త నోరు ఖాళీగా ఉంచుకోరా" అని ఆ గుడ్డతోనే చెప్పి, దారం కొరికి, నంబర్ల వరసలో సంచీలో పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం కౌంటీ మైదానానికి ఊరికి ఊరే తరలింది. బట్టలు మార్చుకునే గది బయట నడవలో ఫిడెల్మా నిలబడింది, సంచీ లోపలికిచ్చేసి. ఆవిడ ఎన్నేళ్ళుగా జెర్సీలు ఉతుకుతున్నా ఆ గడప దాటదు. ఎవరూ వద్దనలేదు, అలా అలవాటయింది. గోడకి అటువైపు కిల్‌మోరా వాళ్ళు పాటలు పెట్టి కర్రలతో నేల దడదడలాడిస్తున్నారు. ఇటువైపు నిశ్శబ్దం. మలాకీ నడవలో అటూ ఇటూ తిరుగుతూ జేబులో జపమాల నలుపుతున్నాడు.

ఆవిడకి ఒక్క సంగతి మాత్రం ఎవరూ గుర్తు చెయ్యలేదు. ఆవిడకీ గుర్తు రాలేదు. ఈ గది కొత్తది కాదు. ఫెర్గల్ కుర్రాళ్ళ జట్టులో ఫైనల్ ఆడినప్పుడు ఇదే గది. మొట్టమొదటిసారి కోల్మన్ ఆరో నంబరు వాడి చేతికిచ్చింది ఇక్కడే, పైకప్పు పగిలిన ఈ పలకల కిందే.

తలుపు సందులోంచి కోల్మన్ గొంతు వినబడింది.

"ఒకటి. ఎన్డా. నీ వెనక వల తప్ప ఏం లేదురా. ముందు మాత్రం మేమందరం ఉన్నాం."

ఫిడెల్మా పెదాలు కదిలాయి. రెండు సరిపోయింది. మూడు సరిపోయింది. నాలుగో కుర్రాడితో, "మీ తాత ఇక్కడే పళ్ళు పోగొట్టుకున్నాడు, కనబడితే తీసుకురా" అన్నాడు. గది పగలబడి నవ్వింది. మలాకీ కూడా నవ్వాడు నడవలో. అయిదు సరిపోయింది. ఫిడెల్మా కళ్ళు మూసుకుంది.

"ఆరు" అన్నాడు కోల్మన్. కాసేపాగాడు. ఆ ఆగడంలో ముద్దు ఉంది, ఇంట్లో పిల్లవాణ్ణి నిద్ర లేపేటప్పటి ముద్దు. "ఆరు. ఫెర్గల్."

గోడకి అటువైపు పాట ఒక్కటే వినబడుతోంది.

"నాన్నా" అంది లోపల ఓర్లా. "డారా, నాన్నా. ఆరు డారా."

"డారా కాదే. డారా కారు తోలుకొస్తున్నాడుగా. వాడితోటే వస్తానన్నాడు మనవాడు. ఇంకా రాలేదేంటి? రోడ్డు మీద మంచు పడింది, మెల్లగా తోలమని చెప్పావా వాడికి?"

ఫిడెల్మా గడప దాటింది.

లోపల కుర్రాళ్ళు నేల చూస్తున్నారు. డారా నిలబడి ఉన్నాడు, జెర్సీ అందుకోవడానికి చెయ్యి సగం చాపి. ఆ చెయ్యి దించడం మర్చిపోయాడు. కోల్మన్ ఆరో నంబరుని గుండెకి ఆనించుకుని, ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు చూస్తున్నాడు.

"ఫిడెల్మా! వచ్చావా?" మొహం వెలిగింది. "వాడొచ్చాడా?"

పసుపు తొడుగు పక్కన ముడి ఉంటుంది. ఆవిడ వేళ్ళు ముడి మీదకి వెళ్ళాయి. మాటిచ్చింది కదా. ముడి విప్పాలంటే ఎందుకు విప్పుతున్నానో చెప్పాలి. చెప్పాలంటే కొడుకు పోయాడని చెప్పాలి. ఆయనకది ఇప్పుడే, ఈ నిమిషమే, కొత్తగా తెలుస్తుంది. ఫోను మోగిన ఆ ఉదయాన్ని ఆయన మళ్ళీ మొదట్నుంచి మొయ్యాలి. ఓర్లా తల్లి మణికట్టు పట్టుకుంది. "వద్దమ్మా. ఇప్పుడొద్దు" అంది.

అప్పుడు డారా ఏడ్చాడు. ఇన్నేళ్ళు ఏ అంత్యక్రియల్లోనూ, ఏ సమాధి దగ్గరా ఏడవని మనిషి, వేసుకున్న టీషర్టు కాలరు పళ్ళ మధ్య కరిచిపట్టి, చప్పుడు లోపలే ఆపుకుంటూ ఏడ్చాడు.

కోల్మన్ ఆ కాలరు చూశాడు. చేతిలో జెర్సీ కాలరు చూశాడు. ఫిడెల్మా వేసిన కుట్టు మీద బొటనవేలితో తడిమాడు.

"ఇది ఫెర్గల్ కొరికింది కాదు" అన్నాడు మెల్లగా. "వాడికి ఈ అలవాటు లేదు. నువ్వేనా కొరికేది?"

డారా తల ఊపాడు.

కోల్మన్‌కి ఆ కుర్రాడెవరో తెలియలేదు. అది కళ్ళల్లో కనబడుతూనే ఉంది. పేరు లేదు, ఊరు లేదు, ఏమీ లేదు. కానీ ఆట ముందు భయపడుతున్న కుర్రాడని మాత్రం తెలిసింది. దగ్గరకెళ్ళి రెండు చేతులతో ఆ మొహం పట్టుకున్నాడు. గొర్రెల్ని పట్టి పట్టి గరుకెక్కిన చేతులు.

"ఎవరి బాబువో నాకు గుర్తు రావట్లేదు, ఏమనుకోకు" అన్నాడు. "ఇంత ఏడవాల్సిన పని నువ్వేం చేశావో కూడా నాకు తెలీదు. ఏదయినా సరే, నీ ఒక్కడి మీదే వేసుకోకు. ఇది ఖాళీగా ఉంటే నేను చూడలేను. మావాడొచ్చేదాకా నువ్వేసుకో."

జెర్సీ తనే తొడిగాడు, చిన్నపిల్లాడికి తొడిగినట్టు, చేతులు ఒకటొకటే లోపలికి పట్టి. ఓర్లా గోడ వైపు తిరిగి నిలబడింది. ఇన్నేళ్ళు ఆ టోపీ ఏం చేస్తుందని అడిగిన పిల్ల, జవాబు అలా చూడాల్సొస్తుందని అనుకోలేదు. తనకి కావలసిన ఆ చేతులు, తన మొహాన్ని ఎప్పుడూ పట్టుకోని ఆ చేతులు, ఇక పట్టుకున్నా ఎవరి మొహమో తెలియకుండానే పట్టుకుంటాయి.

తలుపు మీద దబదబా కొట్టారు. "బాలీడార్! బయటికి రండి! బ్యాండు సిద్ధం!"

ఓర్లా మొహం తుడుచుకుంది. మిగతా జెర్సీలు తనే పంచింది. "తలలెత్తండి" అని మాత్రం అంది. కుర్రాళ్ళు ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు, కోల్మన్ భుజం మీద చెయ్యి వేసి మరీ. డారా చివర్న వెళ్ళాడు, వెనక్కి చూడకుండా.

ఫిడెల్మా ముడి విప్పింది. కోల్మన్ అడ్డు చెప్పలేదు, రెండు చేతులూ పైకెత్తాడు. ఆవిడ పసుపు తొడుగు కూతురికి అందించింది. ఓర్లా తీసుకుంది. వేసుకోలేదు, ఉండచుట్టి చంకలో పెట్టుకుంది. "నాన్నా, రా. పైన కూర్చుందువుగాని" అంది.

"మీరెళ్ళండి" అన్నాడు కోల్మన్, ఆరో నంబరు కొక్కెం కింద బల్ల మీద కూర్చుని. "వాడొచ్చేసరికి గదిలో ఎవరూ లేకపోతే కంగారు పడతాడు. నేనిక్కడే ఉంటాను."

"నాన్నా..."

"నువ్వెళ్ళవే తల్లీ. కోన్లు నువ్వే కదా పెట్టేది. నువ్వు లేకపోతే వాళ్ళకేం తోచదు."

ఆయనకెలా తెలుసు, ఎప్పట్నుంచి తెలుసు, ఇంతకాలం ఎందుకనలేదు, ఏదీ అడిగే సమయం లేదు. ఓర్లా వంగి ఆయన టోపీ మీద ముద్దు పెట్టి పరిగెత్తింది.

ఫిడెల్మా పక్కన కూర్చుంది. పైన వేలమంది కాళ్ళ కింద చెక్క గ్యాలరీ ఉరుముతోంది. ఆయన ఆవిడ చెయ్యి తీసుకుని తన కోటు జేబులో పెట్టుకున్నాడు, పెళ్ళి కాకముందు చేసినట్టే. నీళ్ళ మరకలూ, వదిలేసిన బూట్లూ, వింటర్‌గ్రీన్ నొప్పుల మందు వాసనా. కౌంటీ ఫైనల్ రోజున బాలీడార్ మేనేజరు రాని కొడుకు కోసం ఖాళీ గదిలో కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పాలి, అనుకుంది ఫిడెల్మా. వాడు రాడు కోల్మన్. ఇంతే. చిన్న మాట. బదులుగా జేబులో ఆయన వేళ్ళు గట్టిగా పట్టుకుంది.

బయట బ్యాండు మొదలయింది. ఆటకి ముందు రెండు జట్లూ నంబర్ల వరసలో బ్యాండు వెనక మైదానం చుట్టూ నడవాలి. జనం చప్పట్లు ఒక్క ఊపున లేచాయి. లేచినవి, ఉన్నట్టుండి, సన్నగిల్లాయి. వేలమంది ఒకేసారి ఏదో గమనించి గుసగుసలాడుకుంటే ఎలా ఉంటుందో అలాంటి చప్పుడు కిందికి దిగింది.

మలాకీ తలుపు తోసుకుని తల లోపల పెట్టాడు, రొప్పుతూ. "ఫిడెల్మా, అయిదు తర్వాత ఏడు నడుస్తోంది! మధ్యలో వాడు లేడు! ఇటేమన్నా..."

మాట పూర్తి కాలేదు. నడవ చివర్నుంచి సిమెంటు మీద మేకుల బూట్ల చప్పుడు వినబడింది. టక టక టక. పరిగెత్తుకుంటూ వస్తున్న చప్పుడు. దగ్గరకొచ్చేసరికి మెల్లబడింది. మలాకీ పక్కకి తప్పుకున్నాడు.

గడపలో వెలుతురుకి అడ్డంగా ఒక కుర్రాడు నిలబడ్డాడు. వెనక నుంచి ఎండ పడి మొహం కనబడలేదు. చేతిలో కర్ర, కొరికిన కాలరు.

కోల్మన్ ఫిడెల్మా చేతిని జేబులోంచి వదిలేసి లేచి నిలబడ్డాడు. ఇన్ని నెలల్లో అంత నిటారుగా ఆయన నిలబడడం ఆవిడ చూడలేదు.

"చెప్పానా" అన్నాడు. "వచ్చాడు చూడు."

తర్వాత గడపలోని కుర్రాడికి చెయ్యి చాపి, "రారా ఫెర్గల్. ఇంతాలస్యమా? ఎవరు తీసుకొచ్చారు నిన్ను?" అన్నాడు.

డారా ఒక అడుగు లోపలికి వేసి ఫిడెల్మా వైపు చూశాడు. ఏం చెప్పమంటావని అడిగాడు, కళ్ళతోనే.